మంచం కింద ఇద్దరు



ఒమన్‌లో ఉన్న తెలుగువాళ్ళం ఉగాదికో, సంక్రాంతికో ఒకచోట చేరినప్పుడు పాటలుంటాయి, డాన్సులుంటాయి, పిల్లల పద్యాలుంటాయి. వాటి మధ్య ఒక చిన్న హాస్యనాటిక కూడా పడితే సభకు నిండుదనం వస్తుంది. దార్సైట్‌లోని ఇండియన్ సోషల్ క్లబ్‌లో భాషల వారీగా విభాగాలున్నాయి, మన భాషకూ ఒకటుంది. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల హోంవర్కు చూసి, భోజనాలయ్యాక ఎవరింట్లోనో సోఫాలు గోడకు జరిపి రిహార్సల్ చేసుకునేవాళ్ళు మస్కట్‌లో ఉన్నారు, సొహార్‌లో ఉన్నారు, సలాలాలో ఉన్నారు. ఈ ప్రసంగం ముఖ్యంగా వాళ్ళ కోసం. నాటకం చూడటం ఇష్టమున్న మిగతావాళ్ళకూ ఇందులో పనికొచ్చేది కొంత ఉంటుందని నా ఆశ.

ఈ పూట మాట్లాడదలచుకున్నది ప్రణయ హాస్యనాటకాల్లో పొంచి వినడం గురించి, ఆ వినికిడిలో పుట్టే అపార్థం గురించి.

చాటుగా వినడం తప్పని ఇంట్లో పెద్దలు నేర్పుతారు. నాటకంలో మాత్రం అది లేకపోతే ప్రేమకథ అడుగు ముందుకు వేయదు. మనసులో ఉన్నమాట ఎదురుగా చెప్పేస్తే కథ మొదటి రంగంలోనే పెళ్ళిపీటల దాకా వెళ్ళిపోతుంది. చెప్పలేకపోవాలి. చెప్పలేని మాట ఇంకెవరితోనో చెప్పుకోవాలి. దాన్ని వినకూడనివారు వినాలి, లేకపోతే వినవలసినవారే సగం వినాలి. కాళిదాసు నుంచి ఇవాళ్టి టీవీ సీరియల్ దాకా ఈ ఏర్పాటు మారలేదు. మారిందల్లా దాన్ని వాడే పద్ధతి. ఆ పద్ధతిలోనే మంచి నాటకానికీ చౌకబారు నాటకానికీ తేడా ఉంది.

నేను గట్టిగా నమ్మే మాట ముందే చెబుతాను. చాటున విన్నవాడు మోసపోయేది చెవి వల్ల కాదు, మనసు వల్ల. లోపల ఏ భయం ఉందో, ఏ కోరిక ఉందో, దానికి తగ్గట్టుగానే వింటాడు. ఈ సంగతి పట్టుకున్న రచయిత చేతిలో అపార్థం మనిషిని బయటపెడుతుంది. పట్టుకోని రచయిత చేతిలో అది కాలక్షేపానికి సాగదీసిన చిక్కుముడి అవుతుంది.

మన ‘కన్యాశుల్కం’తోనే మొదలుపెడదాం. గురజాడ అప్పారావుగారి ఈ నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి రంగస్థలమెక్కింది. ఇప్పుడు మనం చదువుకునేది ఆయన బాగా పెంచి, తిరగరాసి 1909లో అచ్చు వేయించిన రూపం. అందులో మొదటి అంకంలోనే మధురవాణి ఇంట్లో మంచం సన్నివేశం ఉంది. రామప్పంతులు మధురవాణి దగ్గర ఉండగా గిరీశం వస్తాడు. పంతులు మంచం కింద దూరతాడు. గిరీశం తన ధోరణిలో గొప్పలు పోతుండగా పూటకూళ్ళమ్మ అతని కోసం చీపురుకట్టతో వస్తుంది. ఇప్పుడు గిరీశానికీ దాక్కోవలసి వచ్చింది. ఆ ఇంట్లో దాక్కోవడానికి ఉన్నది ఆ ఒక్క మంచమే! కిందికి దూరితే అక్కడ ముందే ఒక పెద్దమనిషి ఉన్నాడు. గిరీశానికి పడవలసిన చీపురుదెబ్బ పంతులుకి పడుతుంది.

దీన్ని మనం ఎన్నిసార్లు చూసినా నవ్వుతాం. ఎందుకంటే, మంచం కింద ఎవరున్నారో గిరీశానికి తెలియదు, మనకు తెలుసు. అతను పలికే ప్రతి గొప్పమాటా ఎవరి చెవిన పడుతోందో మనకు తెలుసు. మాట్లాడేవాడి ముఖం చూస్తూ, మంచం కింద ఉన్నవాడి ముఖం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుంటూ మనం ఒకేసారి రెండు నాటకాలు చూస్తున్నాం. అదీ పొంచి వినే సన్నివేశానికి ప్రాణం. ప్రేక్షకుడికి ముందుగా తెలియాలి. మంచం కింద మనిషిని చివర్లో హఠాత్తుగా బయటికి లాగితే ప్రేక్షకుడు ఒక్క క్షణం ఉలిక్కిపడతాడు, అంతే. ముందే చూపించి దాస్తే రంగం మొత్తం నవ్వుతూనే ఉంటాడు.

మరో సంగతి గమనించండి. ఆ మంచం కిందికి చేరిన ఇద్దరూ బయట పెద్దమనుషులుగా తిరిగేవాళ్ళు. ఒకడు ఇంగ్లీషు మాటలతో, ఇంకొకడు కోర్టు వ్యవహారాలతో ఊరిని ఏలుతున్నామనుకునేవాళ్ళు. గురజాడగారు ఆ ఇద్దరినీ నేలకు ఆనించి పడుకోబెట్టారు. వాళ్ళ నోటితో చెప్పించకుండానే వాళ్ళ అసలు కొలత మనకు తెలిసిపోయింది. దాగి ఉండటం ఇక్కడ కథ నడిపే ఎత్తు మాత్రమే కాదు, ఆ మనుషుల మీద రచయిత ఇచ్చిన తీర్పు.

సరిగ్గా ఇలాంటి సన్నివేశమే యూరప్‌లో ఇంకా ముందు పుట్టింది. మోజార్ట్ స్వరపరచిన ‘ఫిగారో పెళ్ళి’ అనే ఒపేరా 1786 మే 1న వియన్నాలో మొదటిసారి ప్రదర్శించారు. ఫ్రెంచి రచయిత బోమార్షే రాసిన నాటకం దానికి మూలం. అందులో మంచం బదులు కుర్చీ. పనిపిల్ల సుజానా గదిలో కెరుబీనో అనే కుర్రవాడు ఉంటాడు. జమీందారు, అంటే కౌంటు, వస్తున్న అలికిడి విని కుర్చీ వెనక్కి చేరతాడు. కౌంటు వచ్చి సుజానాతో సరసం మొదలుపెడతాడు. అంతలో సంగీతం నేర్పే బాసీలియో వస్తున్నాడు. తను అక్కడ ఉన్నట్టు తెలియడం కౌంటుకి ఇష్టం లేదు, తనూ కుర్చీ వెనక్కే వెళ్తాడు. ఆయన ఇటునుంచి వెనక్కి వెళ్ళేలోగా కుర్రవాడు అటునుంచి ముందుకొచ్చి కుర్చీలోనే ముడుచుకు కూర్చుంటాడు, సుజానా ఒక బట్ట కప్పేస్తుంది. ఒకే కుర్చీకి ముందొకడు, వెనకొకడు. మధ్యలో బాసీలియో వచ్చి, కెరుబీనోకి కౌంటు భార్య మీద మనసుందని ఊరి కబురు చెబుతాడు. అది విని కౌంటు ఆగలేక బయటికొస్తాడు. అంతకుముందు ఇంకో ఇంట్లో అదే కుర్రవాణ్ణి తాను ఎలా పట్టుకున్నాడో చెబుతూ, అక్కడ బల్ల మీద గుడ్డ ఇలా ఎత్తానంటూ కుర్చీ మీది బట్ట ఎత్తి చూపిస్తాడు. కింద కెరుబీనో!

ఈ సన్నివేశం అల్లికలో ఉన్న పనితనం చూడండి. కౌంటు దాక్కున్నది తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి. బయటికొచ్చింది కోపం పట్టలేక. కుర్రవాణ్ణి పట్టుకున్నది గొప్ప చెప్పుకుంటూ. మూడూ అతని స్వభావంలోంచే వచ్చాయి. ఎక్కడా కాకతాళీయం లేదు. పట్టుబడ్డ కుర్రవాణ్ణి శిక్షిద్దామంటే, తాను సుజానాతో అన్నవన్నీ వాడు విన్నాడు. వింటున్నవాడు ఒక సాక్షి కూడా అవుతాడని కౌంటుకి అప్పుడు తెలిసొస్తుంది.

ఒపేరా మాట వచ్చింది కనుక మన మస్కట్ సంగతి చెప్పుకోవాలి. షాతీ అల్ ఖుర్మ్‌లో ఉన్న రాయల్ ఒపేరా హౌస్‌ను సుల్తాన్ ఖాబూస్ ఆజ్ఞ మేరకు కట్టారు. 2011 అక్టోబరులో ‘తురందోత్’ ఒపేరాతో తెరిచారు. సుమారు 1100 మంది కూర్చోగల హాలు. అక్కడ కూర్చున్నవారికి ఎదుటి కుర్చీ వీపు మీద చిన్న తెర ఉంటుంది. రంగస్థలం మీద ఇటాలియన్‌లో పాడుతుంటే దాని భావం ఆ తెర మీద అక్షరాల్లో వస్తుంది. ఈ సౌకర్యం హాస్యానికి ఎంత అవసరమో ఆలోచించండి. విషాదం భాష తెలియకపోయినా గొంతులో వినిపిస్తుంది. హాస్యం అలా కాదు. కుర్చీ వెనకున్నవాడు విన్న మాట ఏమిటో ప్రేక్షకుడికి కూడా అర్థమైతేనే నవ్వు వస్తుంది. హాల్లో ఒమనీలు, భారతీయులు, యూరోపియన్లు పక్కపక్కన కూర్చున్నప్పుడు, అందరికీ రహస్యం ఒకేసారి తెలియాలంటే ఆ చిన్న తెర కావాలి. మనం వేసే నాటికలకు కూడా ఇందులో ఒక సూచన ఉంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు మన మాటలు సగమే తెలుస్తాయి. రహస్యం ఉన్న ఆ ఒక్క వాక్యమైనా వాళ్ళకు అందేంత తేలిక మాటల్లో రాయాలి. లేకపోతే తాతగారు నవ్వుతారు, మనవడు తాతగారి ముఖం చూస్తాడు.

ఇదంతా యూరప్ నుంచి నేర్చుకున్న విద్య అనుకోనక్కరలేదు. ఏడో శతాబ్దంలో హర్షుడు రాసిన ‘రత్నావళి’ అనే సంస్కృత నాటిక ఉంది. కందుకూరి వీరేశలింగంగారు దాన్ని తెలుగు చేశారు. అందులో పొంచి వినేది మనిషి కాదు, గోరువంక! ఉదయన మహారాజు మీద మనసుపడిన సాగరిక అరటితోటలో కూర్చుని ఆయన బొమ్మ గీస్తుంది. నెచ్చెలి సుసంగత వచ్చి, ఆ బొమ్మ పక్కనే సాగరిక బొమ్మ కూడా గీస్తుంది. ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకుంటుంటే పక్కన పంజరంలో గోరువంక వింటోంది. ఇంతలో కోతి ఒకటి కట్లు తెంచుకుని రావడంతో అందరూ పరుగు. పంజరం తెరుచుకుంది, గోరువంక ఎగిరి చెట్టెక్కింది. ఆ దారిన రాజూ విదూషకుడూ వచ్చారు. చెట్టు మీదనుంచి గోరువంక ఆ అమ్మాయిలిద్దరి మాటలనూ పొల్లుపోకుండా వప్పజెబుతోంది. విదూషకుడు దెయ్యమనుకుని హడలిపోయాడు. రాజు మాత్రం నిలబడి విన్నాడు.

ఎంత అందమైన ఊహ! ఆడపిల్ల తనంతట తాను చెప్పలేని మాటను ఏ కల్మషమూ లేని ఒక పక్షి చెప్పింది. చాడీ లేదు, కుట్ర లేదు. పైగా కథ అక్కడ ఆగదు. బొమ్మ కోసం తిరిగొచ్చిన సాగరిక చాటున నిలబడి రాజు ఏమంటాడో వింటుంది. అంటే ఆమె మాటను ఆయన విన్నాడు, ఆయన మాటను ఆమె వింది, ఇద్దరూ ఒకరికొకరు ఒక్క మాటైనా చెప్పుకోలేదు. మూడో అంకంలో వ్యవహారం తిరగబడుతుంది. రాణి వాసవదత్త వేషంలో సాగరిక రాజును కలుసుకోవాలని పథకం. ఆ పథకం రాణి దాసి చెవిన పడింది. దాంతో చెప్పిన చోటికి నిజమైన రాణే వచ్చి కూర్చుంది. వేషం వేసుకున్న సాగరిక అనుకుని రాజు రాణితోనే వలపు మాటలు చెప్పాడు. ఆ తర్వాత నిజంగా సాగరిక వస్తే, రాణి అనుకున్నాడు. ఈ రెండో పొరపాటు మొదటిదానికి అద్దంలో బొమ్మ. ఒకసారి కాలిన చెయ్యి కనుక రెండోసారి అనుమానం వచ్చింది. మనసు ముందు, కన్ను తర్వాత అని నేను చెప్పేది ఇదే.

మన పాత రంగస్థలానికి ఇంకో గొప్ప వనరు ఉంది. ఎవరి మాట ఎవరికి వినపడాలో నాట్యశాస్త్రమే నియమాలు పెట్టింది. తనలో తాను అనుకునేది స్వగతం. పక్కనున్న ఇంకొకరికి తెలియకుండా ఒకరితోనే చెప్పేది జనాంతికం, దానికి త్రిపతాక హస్తం అడ్డుపెట్టాలి. పక్కకు తిరిగి రహస్యంగా చెప్పేది అపవారితం. నటుడు చెయ్యి ఎత్తగానే ఇది ఎవరికి వినపడదో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. ఈ ఒప్పందం ఉన్నచోట తడికలూ తెరలూ అక్కర్లేదు.

ఇక ఈ విద్యకు మేరువు లాంటి నాటకం ఒకటుంది, షేక్‌స్పియర్ ‘మచ్ అడో అబౌట్ నథింగ్’. 1600లో అచ్చయింది. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే పొంచి వినడాన్ని ఇన్ని రకాలుగా వాడిన నాటకం నాకు ఇంకొకటి తెలియదు.

కథ మెస్సీనాలో జరుగుతుంది. క్లాడియో అనే యువకుడు హీరో అనే అమ్మాయిని ప్రేమించాడు. ఆమె పేరే హీరో. అతని తరఫున తాను ఆమెతో మాట్లాడతానని ప్రభువు డాన్ పెడ్రో మాట ఇస్తాడు. ఈ సంభాషణను ఇద్దరు విన్నారు. ఒకడు అమ్మాయి పినతండ్రి పనివాడు. వాడు తప్పుగా విని, ప్రభువే ఆమెను ప్రేమించాడని ఇంట్లో చెప్పాడు. ఇంకొకడు బొరాకియో. గదిలో ముక్కవాసన పోవడానికి ధూపం వేస్తూ, తెర వెనక చేరి, ఉన్నది ఉన్నట్టుగా విన్నాడు. తప్పు విన్నవాడి వల్ల ఎవరికీ చెడు జరగలేదు. సరిగా విన్నవాడి వల్లే పెళ్ళి చెడింది, ఎందుకంటే వాడు విన్నది తీసుకెళ్ళి ప్రభువు సవతి తమ్ముడు, అసూయతో ఉడుకుతున్న డాన్ జాన్ చేతిలో పెట్టాడు.

ఇటువైపు బియాట్రిస్, బెనెడిక్ అని ఇంకో జంట. ఎదురుపడితే కత్తులు దూసుకున్నట్టు మాటలు విసురుకుంటారు. పెళ్ళి మాటెత్తితే ఇద్దరికీ మంట. వీళ్ళను కలపాలని స్నేహితులు ఒక ఎత్తు వేశారు. బెనెడిక్ తోటలో పొంచి ఉన్నాడని తెలిసి, తెలియనట్టుగా, బియాట్రిస్ అతని కోసం కుమిలిపోతోందని మాట్లాడుకున్నారు. బియాట్రిస్ వినేట్టు హీరో, ఆమె చెలికత్తె కలిసి అదే పని చేశారు. ఇద్దరూ నమ్మారు. విన్నది కట్టుకథ. కానీ ఆ కట్టుకథలో ఇద్దరి గురించీ ఒక నిజం చెప్పారు. నీ అహంకారం వల్ల నిన్ను ప్రేమించేవాళ్ళు నీతో చెప్పడానికి భయపడుతున్నారన్నదే ఆ నిజం. ఎదురుగా ఎవరైనా ఆ మాట అంటే ఇద్దరూ చీల్చి చెండాడేవాళ్ళు. చాటున విన్నారు కనుక సమాధానం చెప్పే అవకాశం లేదు, అందుకే మనసుకు పట్టింది. మనిషి తన గురించిన విమర్శను ఓర్పుతో వినేది తాను అక్కడ లేడనుకుని ఇతరులు మాట్లాడుకుంటున్నప్పుడేనని షేక్‌స్పియర్ పట్టుకున్నాడు.

క్లాడియో సంగతి దీనికి ఎదురు. పెళ్ళికి ముందురోజు రాత్రి డాన్ జాన్ అతన్ని తీసుకెళ్ళి కిటికీ దగ్గర ఒక స్త్రీతో బొరాకియో మాట్లాడటం చూపిస్తాడు. ఆమె నిజానికి చెలికత్తె మార్గరెట్. చీకట్లో, దూరం నుంచి, క్లాడియోకి ఆమె హీరో లాగే కనిపించింది. మర్నాడు పెళ్ళి మండపంలో అందరి ముందూ ఆ అమ్మాయిని అవమానించి వెళ్ళిపోయాడు. బెనెడిక్ అబద్ధం విని ప్రేమించడం నేర్చుకున్నాడు. క్లాడియో అబద్ధం చూసి ప్రేమను తొక్కేశాడు. ఎత్తు ఒక్కటే. మనుషులు వేరు. క్లాడియో ఇంతకుముందే ఒకసారి, ప్రభువు తన పిల్లను తన్నుకుపోయాడంటే క్షణంలో నమ్మినవాడు. ఆమె మీద అతనికి మొదటినుంచీ నమ్మకం లేదు. నన్నడిగితే, చివర్లో అతనికి పెళ్ళి జరగడం ఆ నాటకంలో నాకు మింగుడుపడని భాగం. హీరోకి అంతకంటే మంచివాడు దొరకవలసింది.

చిక్కు విడిపోయేదీ పొంచి వినడంతోనే. వాన పడుతున్న రాత్రి చూరు కింద నిలబడి బొరాకియో తన ఘనకార్యం స్నేహితుడికి చెప్పుకుంటుంటే ఊరి తలార్లు విన్నారు. వాళ్ళు వట్టి అమాయకులు. బొరాకియో మాటల మధ్య వచ్చిన ఒక విశేషణాన్ని ఎవరో దొంగ పేరనుకుని, ఆ దొంగను కూడా పట్టుకోవాలని తీర్మానించారు. అన్ని మాటలూ తప్పుగా విన్నా, అసలు నేరాన్ని మాత్రం సరిగ్గా పట్టుకున్నారు. ప్రభువులు పోల్చుకోలేని నిజం తలార్లకు దొరికింది. వాళ్ళకు ఎవరి మీదా ముందే పెట్టుకున్న అసూయ లేదు. అంతే.

ఇక్కడ చౌకబారు అపార్థం గురించి ఒక మాట. ‘ఎవరా అమ్మాయి?’ అని ఒక్కసారి అడిగితే తీరిపోయే అనుమానాన్ని పట్టుకుని గంటసేపు ఏడిపించే కథలు మనకు చాలా ఉన్నాయి. చెల్లెలి భుజం మీద చెయ్యి వేయడం చూసి ప్రియురాలు వెళ్ళిపోతుంది. అతను వెంటపడి చెప్పబోతాడు, ఆమె వినదు. ఎందుకు వినదు? రచయితకు ఇంకా పది పేజీలు కావాలి కనుక. దీన్ని ప్రేక్షకుడు వెంటనే పట్టేస్తాడు. పాత్రలు అడగకపోవడానికి, చెప్పకపోవడానికి వాళ్ళ స్వభావంలో బలమైన కారణం ఉండాలి.

1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ సినిమాను గుర్తు చేసుకోండి. రవీంద్రనాథ్ మైత్ర రాసిన బెంగాలీ నాటకం ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ ఆ కథకు మూలం. రంగస్థలం మీద పుట్టిన హాస్యమే అది. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడిన ఇద్దరు. అతను ఇంటివాళ్ళ అమ్మాయికి సంగీతం చెబుతుంటే, భార్యగా నటిస్తున్న మేరీకి ఈర్ష్య పుడుతుంది. అడగవచ్చు కదా అంటే, ఏ హక్కుతో అడుగుతుంది? భార్య కాదు. భార్య కాదని బయటపెడితే ఉద్యోగం పోతుంది. అడిగితే ప్రేమిస్తున్నట్టు ఒప్పుకున్నట్టు. మూడు వైపులా తలుపులు మూసేసి నిలబెట్టారు. అందుకే ఇన్నేళ్ళయినా ఆ అపార్థం మనకు విసుగు పుట్టించదు.

ఇప్పుడు మన గల్ఫ్ జీవితానికి వద్దాం. ఇక్కడ మంచం కింద దూరేవాళ్ళు లేరు, చెట్టెక్కి చెప్పే గోరువంకలూ లేవు. కానీ పొంచి వినడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఎందుకంటే ఇక్కడ మన జీవితమంతా ఫోన్ల మీద నడుస్తుంది. ఇంటికి రోజూ ఫోను. ఒక ఫ్లాట్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటారు. పక్కగదిలో మనిషికి ఎప్పుడూ ఒకవైపు మాటే వినిపిస్తుంది. రెండోవైపు మాట మన మనసే నింపుకుంటుంది.

మన సంస్కృత రూపకాల్లో భాణం అని ఒకటుంది. ఒకే నటుడు వీధిలో నడుస్తూ, కనపడని మనుషులతో మాట్లాడతాడు. ‘ఏమంటున్నావు?’ అని తానే అడిగి, వాళ్ళ జవాబు తానే తిరిగి పలికి, దానికి బదులు చెబుతాడు. దాన్ని ఆకాశభాషితం అన్నారు. ఫోను పట్టుకున్న నటుడు చేసేది అచ్చంగా అదే, ఒక్క తేడాతో. భాణంలో నటుడు అవతలి మాట మనకు తిరిగి చెబుతాడు, ఫోనులో చెప్పడు. ఆ చెప్పని సగంలో మీ నాటిక ఉంది.

ఒక ఉదాహరణ అల్లి చూపిస్తాను, ఎవరైనా వాడుకోవచ్చు. ఘుబ్రాలో ఒక రెండు గదుల ఫ్లాట్. కొత్తగా పెళ్ళయి, విజయవాడలో ఉద్యోగం మానేసి, భర్త దగ్గరికి వచ్చిన అమ్మాయి. వాళ్ళ నాన్నగారు ముచ్చటపడి ఓడలో పంపించిన పందిరిమంచం పడగ్గదిని మొత్తం ఆక్రమించింది. భర్తకు రోజుకు రెండుసార్లు దాని కోడు మోకాలికి తగులుతోంది. మామగారి కానుక, భార్యకు ప్రాణం, పైకి ఏమీ అనలేడు. ఒకరోజు అక్కగారి భర్తకు ఫోను చేసి, గొంతు తగ్గించి చెబుతాడు: ‘తెచ్చుకుని తప్పు చేశాను బావా. ఇక్కడ చోటు చాలడం లేదు. నిద్ర కూడా లేదు. అక్కకు చెప్పకు. వచ్చే నెల నెమ్మదిగా పంపించేస్తాను.’ వంటింటి గుమ్మంలో భార్య వింటుంది.

ఆమె ఎందుకు అడగదు? ఉద్యోగం మానేసి వచ్చిన రోజునుంచి, నేనిక్కడ భారమా అన్న ప్రశ్న ఆమెలో ఉంది. అడిగితే అవునంటాడేమోనని భయం. అతను ఎందుకు చెప్పడు? ఆమె నొచ్చుకుంటుందని. ఇద్దరి మౌనానికీ మూలం ప్రేమే. అతను చెప్పేదాకా ఎందుకని, ఆమె చెల్లెలికి ఫోను చేస్తుంది: ‘నేనే బయల్దేరుతానే. ఇక ఇక్కడ నాకేం పని?’ ఈసారి గుమ్మంలో అతను. అతని లోపల ఇంకో భయముంది, అంత చదువుకున్న అమ్మాయి ఈ నాలుగు గోడల మధ్య ఎన్నాళ్ళుంటుందని. రెండు సగాలు, రెండు భయాలు. ఈ చిక్కు విడిపోయేటప్పుడు మంచం కొనడానికి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి, ‘మంచం ఎక్కడండీ?’ అని అడిగితే చాలు.

దీన్ని రంగస్థలం మీద పెట్టేటప్పుడు జాగ్రత్తలున్నాయి. ఫోను రంగానికి ముందే అతని మోకాలికి కోడు తగలాలి, అదీ భార్య చూడనప్పుడు. ప్రేక్షకుడికి సంగతి అప్పుడే తెలియాలి. వినే నటి ముఖం కనపడాలి. మాట్లాడేవాడు వేదికకు ఒక పక్కన, కాస్త వెనగ్గా ఉండాలి. వినేవాళ్ళు ముందు, మధ్యలో ఉండాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మాట వినపడితే చాలు, ముఖం మాత్రం చూడాలి. మనకు దొరికే హాళ్ళలో వేలాడదీసిన మైకులే ఎక్కువ, గుసగుసలు అందవు. అందుకని రహస్యం గుసగుసగా చెప్పించకండి. మెడ వంచి, మామూలు గొంతుతో, తొందర తొందరగా చెప్పించండి. దాక్కునే చోటు కోసం భారీ సెట్టు అక్కర్లేదు. మత్రా కార్నిష్ మీద సముద్రానికి ఎదురుగా ఉన్న పాత ఇళ్ళ బాల్కనీలకు చెక్క జాలీలు చూసే ఉంటారు. లోపలున్నవారికి వీధి కనపడుతుంది, వీధిలో వారికి లోపలి మనిషి కనపడరు. అలాంటి జాలీ ఒకటి తేలికపాటి చెక్కతో చేసి వేదిక మీద నిలబెడితే, దాని వెనక పెట్టిన వెలుతురులో వినేవాళ్ళ ముఖం ప్రేక్షకులకు తెలుస్తుంది. కథ జరిగేది ఒమన్‌లోనేనన్న సంగతీ మాట అక్కర్లేకుండా తెలుస్తుంది.

రేడియోలో ఈ పని ఎలా చేస్తారో కూడా చెప్పి ముగిస్తాను. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నాటకాలు వింటూ ఒక తరమే పెరిగింది. అక్కడ మంచం కనపడదు, తెర కనపడదు. దాక్కున్నవాడు మైకుకు దగ్గరగా ఊపిరి బిగపట్టాలి, మాట్లాడేవాళ్ళు మైకుకు దూరం జరగాలి. అప్పుడు శ్రోత కూడా దాక్కున్నవాడి పక్కనే చేరిపోతాడు. వేదిక మీద నాటిక వేసే ముందు ఒకసారి దీపాలార్పి, కళ్ళు మూసుకుని మీ రిహార్సల్ వినండి. ఎవరు ఎవరి మాట వింటున్నారో చీకట్లో కూడా తెలిస్తే ఆ రంగం సిద్ధమైనట్టు.

వచ్చే ఉగాదికి నాటిక వేద్దామనుకుంటున్న మిత్రులను నేను కోరేది ఒక్కటే. ఇండియా నుంచి పాత స్క్రిప్టు తెప్పించుకోకండి. మన ఫ్లాట్లలో, మన ఫోన్లలో, ఇద్దరు మనుషులు ఒకరికొకరు చెప్పుకోలేకపోతున్న మాట ఒకటి వెతికి, దాని చుట్టూ ముప్పై నిమిషాల నాటిక మీరే రాయండి. రాసేవాళ్ళు దొరకరనుకోవద్దు. 1880లో షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘చమత్కార రత్నావళి’గా మలిచి, తన విద్యార్థుల చేత రాజమహేంద్రవరంలో వేయించింది ఒక బడిపంతులు, వీరేశలింగంగారు. అప్పటికి ఆయన చేతిలో ఉన్నదల్లా ఒక పుస్తకం, కొందరు కుర్రవాళ్ళు.